తిరగకపోయినా పాతబడే ఇంజిన్లు: రిమోట్ మోడల్ రైళ్ల మన్నిక, మరమ్మతు

క్లుప్తంగా: ఇప్పటి రిమోట్ మోడల్ రైలు ఇంజిన్లు పాతవాటికంటే నెమ్మదిగా, నున్నగా, చప్పుడు లేకుండా నడుస్తాయి. పరిగెత్తి పరిగెత్తి అరిగిపోయేవి వాటిలో తక్కువ. పెట్టెలో ఉన్నా వయసు మీదపడే భాగాలే, అంటే ప్లాస్టిక్ గేరు, పోత లోహం, రబ్బరు టైరు, బ్యాటరీ వంటివే, వాటి ఆయుష్షును తేలుస్తున్నాయి. ఎలక్ట్రానిక్ బోర్డు చెడినప్పుడు ఇంజిన్ బతుకుతుందా లేదా అన్నది ఆ బోర్డు విడిగా ఊడి వస్తుందా, దాని చోట మరొకటి దొరుకుతుందా అన్న రెండు విషయాల మీద ఆధారపడుతోంది.

అరవై, డెబ్భై ఏళ్ల కిందటి మోడల్ రైలు ఇంజిన్‌ను అటక మీద నుంచి దించి, మోటార్‌కు కరెంటు అందించే బ్రష్‌లు తుడిచి, రెండు చుక్కల నూనె వేసి పట్టాల మీద పెడితే చాలాసార్లు కదులుతుంది. ఐదారేళ్ల కిందట కొన్న రిమోట్ ఇంజిన్ మాత్రం పెట్టెలోంచి తీసేసరికి ఉలుకూ పలుకూ లేకుండా ఉండవచ్చు. ఈ రెండూ పక్కపక్కన చూసినవాళ్లకు పాతవే గట్టివి అనిపించడం సహజం. అందులో సగమే నిజం. పాతవాటిలో పాడైనవి ఎప్పుడో చెత్తలో కలిసిపోయాయి. ఇప్పుడు కంటికి కనిపిస్తున్నవి అన్నీ తట్టుకుని మిగిలినవి. కాబట్టి ఏది గట్టిదని అడగడం కంటే, దేనిలో ఏ భాగం ముందు పోతుంది, పోయాక దాన్ని మార్చగలమా అని అడిగితే విషయం తేటపడుతుంది.

## ఇంజిన్ లోపలికి చేరిన మెదడు

పాత ఇంజిన్ లోపల ఉండేవి కొన్నే: ఒక మోటార్, రెండు కార్బన్ బ్రష్‌లు, నాలుగైదు గేర్లు, రెండు మూడు వైర్లు. కరెంటు పట్టాల నుంచి నేరుగా మోటార్‌కు వెళ్లేది. వోల్టేజ్ పెంచితే వేగం పెరిగేది, ధ్రువాలు మార్చితే వెనక్కి నడిచేది. నియంత్రణ అంతా బయట ఉన్న పెట్టెలోనే. అది చెడితే మరో పెట్టె తెచ్చుకుంటే సరిపోయేది, ఇంజిన్‌కు ఏమీ అయ్యేది కాదు. బ్రిటన్‌లో ట్రై-యాంగ్ సంస్థ వాడిన ఎక్స్04 అనే మోటార్ ఈ పద్ధతికి మంచి ఉదాహరణ. ఏళ్ల తరబడి ఎన్నో రకాల ఇంజిన్లలో అదే మోటార్ పెట్టారు. దాని బ్రష్‌లు, స్ప్రింగులు, లోపల తిరిగే తీగచుట్ట ఆర్మేచర్ విడివిడిగా మార్చుకోవచ్చు. ఒక ఇంజిన్ పోతే దాని భాగాలు ఇంకో ఇంజిన్‌కు పనికొచ్చేవి.

ఇప్పుడు నియంత్రణ ఇంజిన్ కడుపులోకి వచ్చేసింది. హెచ్‌ఓ కొలతలో, అంటే అసలు రైలులో 87వ వంతు పరిమాణంలో చేసిన ఇంజిన్ సుమారుగా అరచేతి పొడవు నుంచి జానెడు దాటి ఉంటుంది. ఆ కాస్త చోటులోనే మోటార్, దాని ఊపు నిలిపే ఫ్లైవీల్, రిమోట్ ఆదేశాలను అందుకునే డీకోడర్ బోర్డు, స్పీకర్, కాస్త కరెంటును దాచే కెపాసిటర్, ఎల్‌ఈడీలు, కొన్నిటిలో పొగ వదిలే పరికరం కూడా ఇరుక్కుని ఉంటాయి. అందుకే ఒక భాగం వేడెక్కితే పక్కది ఇబ్బంది పడుతుంది. ఒకదాన్ని విప్పాలంటే నాలుగు తీయాలి. వెంట్రుకల్లాంటి వైర్లు తెగేది చాలాసార్లు పరుగులో కాదు, పై కప్పు తీసేటప్పుడే.

## రిమోట్ అన్న ఒక్క మాట వెనక మూడు పద్ధతులు

మూడింటినీ రిమోట్ రైళ్లనే అంటారు, మరమ్మతు విషయంలో మాత్రం వాటి మధ్య చాలా తేడా ఉంది.

మొదటిది డీసీసీ, అంటే డిజిటల్ కమాండ్ కంట్రోల్. ఇందులో పట్టాల మీద ఎప్పుడూ పూర్తి వోల్టేజ్ ఉంటుంది, హెచ్‌ఓలో సుమారు 14 నుంచి 16 వోల్టులు. ఆ కరెంటు ధ్రువాలు సెకనుకు వేలసార్లు మారుతుంటాయి. మారడానికి పట్టే సమయంలోనే సందేశం ఉంటుంది. సగం అల 58 మైక్రోసెకన్లు ఉంటే ఒకటి, 100 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే సున్నా. ప్రతి ఇంజిన్‌కూ ఒక నంబరు ఉంటుంది. లోపలి డీకోడర్ తన నంబరుకు వచ్చిన ఆదేశాన్ని మాత్రమే పట్టించుకుంటుంది. జర్మనీకి చెందిన లెంజ్ సంస్థ రూపొందించిన ఈ పద్ధతిని అమెరికాలోని జాతీయ మోడల్ రైలు సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ 1994లో ప్రమాణంగా చేసింది. అందువల్ల ఒక కంపెనీ కంట్రోలర్‌తో మరో కంపెనీ డీకోడర్ పనిచేస్తుంది.

రెండోది కంపెనీల సొంత పద్ధతులు. అమెరికా బొమ్మ రైళ్ల సంస్థ లయనెల్ 1990ల మధ్యలో తెచ్చిన ట్రెయిన్‌మాస్టర్‌లో చేతిలోని రిమోట్ రేడియో ద్వారా ఒక బేస్ పెట్టెతో మాట్లాడుతుంది, ఆ పెట్టె 455 కిలోహెర్ట్జ్ సంకేతాన్ని పట్టాల ద్వారా ఇంజిన్‌కు అందిస్తుంది. మరో రైళ్ల తయారీ సంస్థ ఎంటీహెచ్ డీసీఎస్ అనే తన సొంత పద్ధతి పట్టింది. లయనెల్ వారి లయన్‌చీఫ్ ఇంజిన్లయితే 2.4 గిగాహెర్ట్జ్ రేడియోతో నేరుగా రిమోట్ మాట వింటాయి.

మూడోది బ్యాటరీతో నడిచేది. కరెంటు ఇంజిన్‌లోనే ఉంటుంది, ఆదేశం రేడియో లేదా బ్లూటూత్ ద్వారా వస్తుంది, పట్టాలు దారి చూపడానికి మాత్రమే. ఇంటి తోటలో నడిపే మోడల్ రైళ్లలో, పిల్లల సెట్లలో ఇది ఎక్కువ.

డీసీసీలో మెదడు పోతే ప్రమాణం ప్రకారం తయారైన మరో మెదడు పెట్టవచ్చు. సొంత పద్ధతుల్లో ఆ కంపెనీ దయ ఉండాలి, లేదంటే లోపలి ఎలక్ట్రానిక్స్ అంతా తీసేసి కొత్తగా వైరింగ్ చేయాలి. మన్నిక గురించిన సగం తగువులు ఈ తేడా గమనించకపోవడం వల్లే వస్తాయి.

## పగిలే గేరు

ఈ ఇంజిన్లలో అన్నిటికంటే తరచుగా కనిపించే అసలైన యాంత్రిక లోపం ఇరుసు మీది ప్లాస్టిక్ గేరు పగలడం. ఎన్నో కంపెనీల ఇంజిన్లలో, వేర్వేరు కాలాల్లో ఇది బయటపడింది.

చక్రాల ఇరుసు లోహం, గేరు ప్లాస్టిక్. గేరు జారకుండా ఉండాలని దాని రంధ్రాన్ని ఇరుసు కంటే వెంట్రుకవాసి చిన్నదిగా చేసి, ఇరుసును బలంగా లోపలికి దిగ్గొడతారు. ఆ క్షణం నుంచి గేరు చుట్టుకొలత అంతా లాగుడు ఒత్తిడిలో ఉంటుంది. రైలు నడిచినా నడవకపోయినా ఆ ఒత్తిడి తగ్గదు. రోజూ, రాత్రీ పగలూ, పెట్టెలో ఉన్నా సరే అది ప్లాస్టిక్‌ను లాగుతూనే ఉంటుంది. రెండు పళ్ల మధ్య గాడి దగ్గర గోడ అన్నిటికంటే పలచగా ఉంటుంది కాబట్టి చివరికి అక్కడ చీలిక వస్తుంది. అసలు ఒక్కసారి కూడా నడపని కొత్త ఇంజిన్‌లో గేరు పగిలి ఉండటానికి ఇదే కారణం.

చీలిక వచ్చాక ఆ రెండు పళ్ల మధ్య దూరం కాస్త పెరుగుతుంది. మర ఆకారంలో ఉండి గేరును తిప్పే వర్మ్ ఆ చోటికి వచ్చినప్పుడల్లా తడబడుతుంది. చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఒకసారి టక్‌మనడం, ఇంజిన్ లయగా కుంటడం దీని గుర్తు. కొన్నిసార్లు ఇరుసు గేరులో జారిపోయి, మోటార్ తిరుగుతున్నా చక్రాలు కదలవు. చాలామంది మోటార్ పోయిందనుకునేది ఇక్కడే.

జిగురు పెట్టి అతికించాలన్న ఆలోచన అందరికీ వస్తుంది. ఈ గేర్లకు సాధారణంగా వాడే అసిటాల్ అనే ప్లాస్టిక్‌కు జిగురు పట్టదు. నూనె, గ్రీజు అక్కర్లేని యంత్రభాగాలకు ఇష్టంగా వాడే ఆ నున్నని గుణమే అతుకుకు అడ్డు. సూపర్ గ్లూతో అతికించినది కొద్ది రోజులు నిలుస్తుంది, తర్వాత ఊడుతుంది. సరైన దారి గేరు మార్చడమే. అంతే సంఖ్యలో పళ్లు, అదే వ్యాసం ఉన్న గేరు కావాలి. కొత్త గేరు రంధ్రాన్ని రీమర్ అనే పనిముట్టుతో కాస్త పెద్దది చేసి, ఇరుసు బిగుతుగా ఉన్నా పిండేయకుండా చూస్తే మళ్లీ పగలదు. ఇత్తడి గేరు పెట్టేవారూ ఉన్నారు. అది పగలదు కానీ, చప్పుడు ఎక్కువ. పైగా చక్రాల నుంచి కరెంటు తీసుకునే ఇరుసైతే షార్ట్ కాకుండా జాగ్రత్త పడాలి.

మార్చాక రెండు చక్రాల మధ్య దూరం కొలవడం మరిచిపోకూడదు. హెచ్‌ఓ పట్టాల మధ్య వెడల్పు 16.5 మి.మీ. చక్రాలు అర మిల్లీమీటరు తేడాతో కూర్చున్నా పట్టాలు చీలే పాయింట్ల దగ్గర బండి పట్టాలు తప్పవచ్చు. డీసీసీలో పట్టాలు తప్పడమంటే చాలాసార్లు షార్ట్ సర్క్యూట్ అన్నమాట.

## లోపలి నుంచి ఉబ్బే లోహం

గేరు పగిలితే మార్చవచ్చు. ఇంజిన్ చట్రమే పొడి అయిపోతే మార్చడానికి ఏమీ మిగలదు. బరువు కోసం, గట్టిదనం కోసం చట్రాన్ని జింకు, అల్యూమినియం కలిసిన మిశ్రమ లోహంతో పోత పోస్తారు. దీన్ని జమాక్ అనీ, బ్రిటన్‌లో మజాక్ అనీ అంటారు. అమెరికాలోని న్యూజెర్సీ జింక్ కంపెనీ 1929లో దీన్ని అభివృద్ధి చేసింది. స్వచ్ఛంగా ఉంటే ఇది శతాబ్దం నిలుస్తుంది. అందులో సీసం, తగరం, కాడ్మియం లాంటివి కొద్దిగా కలిసినా లోహపు రేణువుల మధ్య అంచుల వెంట తుప్పు మొదలవుతుంది. పైకి ఏమీ కనిపించదు. లోపల పొరపొరగా ఉబ్బి, చట్రం వంగి, సన్నని పగుళ్లు వచ్చి, చివరికి బిస్కెట్‌లా విరుగుతుంది. దీనికి జింక్ పెస్ట్ అని పేరు. చాలా పుస్తకాలు దీన్ని జింకు తెగులు అన్నట్టుగా వర్ణిస్తాయి కానీ, ఇది అంటుకునేది కాదు. పక్క ఇంజిన్‌కు సోకుతుందన్న భయం అక్కర్లేదు.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు తయారైన ఎన్నో బొమ్మ రైళ్లు, బ్రిటిష్ బ్రాండ్ హార్న్‌బీ వాటితో సహా, ఇలాగే పోయాయి. తర్వాత లోహాల శుద్ధి మెరుగుపడి ఈ సమస్య ముగిసిందనుకున్నారు. 2000ల తర్వాత తయారైన కొన్ని మోడళ్లలో అది మళ్లీ కనిపించింది. పోత పోసేటప్పుడు పాత తుక్కు, సీసం కలిసిన వ్యర్థాలు కలిస్తే ఒక్క పోతలో వచ్చిన వాటికే ఈ జబ్బు వస్తుంది. అందుకే ఒకే మోడల్, ఒకే రంగు, రెండు ఇంజిన్లు తీసుకుంటే ఒకటి బాగుండి మరొకటి ఉబ్బవచ్చు. తేమ, వేడి ఈ తుప్పును తొందరపెడతాయి. పొడి చోట దాచితే నెమ్మదిస్తుంది, ఆగదు.

పై కప్పు అకస్మాత్తుగా బిగుతైపోవడం, చట్రం మధ్యలో వంపు తిరగడం, స్క్రూ రంధ్రం చుట్టూ వెంట్రుక గీతలు తొలి గుర్తులు. ఉబ్బిన చట్రం కప్పును కూడా పగలగొడుతుంది. కాబట్టి అనుమానం రాగానే కప్పును విడదీసి పక్కన పెట్టడమే మొదటి మరమ్మతు. చట్రం కోసం మిగిలేవి రెండు దారులు: అదే మోడల్ మరో బండి నుంచి తీసుకోవడం, లేదా ఇత్తడిలోనో, 3డీ ప్రింట్‌గానో కొత్తది చేయించుకోవడం. ప్రింట్ తీసిన ప్లాస్టిక్ చట్రానికి బరువు ఉండదు, సీసం ముక్కలు కలపకపోతే బండి పెట్టెలను లాగలేదు.

## డీకోడర్ ఎలా కాలిపోతుంది

డీకోడర్ పోయిందన్న మాట చాలా తేలిగ్గా వినిపిస్తుంది. చిప్ దానంతట అది ముసలిదై చనిపోవడం అరుదు. దాదాపు ప్రతిసారీ బయటి కారణం ఒకటి ఉంటుంది, అది కనిపెట్టకుండా కొత్తది పెడితే అదీ కాలుతుంది.

అన్నిటికంటే మామూలు కారణం మోటార్ బ్రష్‌లలో ఒకటి చట్రానికి తగలడం. పాత ఇంజిన్లలో ఒక బ్రష్‌ను కావాలనే చట్రానికి కలిపేవారు, చట్రం ఒక పట్టాకు కలిసేది. అలాంటి ఇంజిన్‌కు డీకోడర్ పెట్టేటప్పుడు ఆ బంధం తెంపకపోతే పట్టాల కరెంటు డీకోడర్ మోటార్‌ను నడిపే ట్రాన్సిస్టర్లలోకి వెనక నుంచి దూసుకొస్తుంది. క్షణంలో పని అయిపోతుంది. కొత్త ఇంజిన్లలోనూ పై కప్పు బిగించేటప్పుడు నలిగిన వైరు ఇదే పని చేస్తుంది. మల్టీమీటర్‌తో రెండు బ్రష్‌లకూ, ప్రతి చక్రానికీ మధ్య కనెక్షన్ లేదని చూసుకోవడం నిమిషం పని. ఆ నిమిషం ఆదా చేసుకోవాలని చూసి బోర్డు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో.

రెండో కారణం భారం. హెచ్‌ఓ డీకోడర్లు సాధారణంగా ఒక ఆంపియర్ వరకు నిరంతరం ఇస్తాయి, క్షణంపాటు రెండు ఇవ్వగలవు. ఇప్పటి మంచి మోటార్ తేలిగ్గా నడుస్తుంటే అందులో నాలుగో వంతు కూడా తీసుకోదు. గ్రీజు గట్టిపడి ఇరుసులు బిగుసుకుంటే, గేరు పగిలి ఇరుక్కుంటే మోటార్ ఆగిపోయి కరెంటు అమాంతం పెరుగుతుంది. అంటే డీకోడర్ మరణానికి మూలం చాలాసార్లు ఎండిన గ్రీజులోనే ఉంటుంది. లోపల ఇనుప కోర్ లేని కోర్‌లెస్ మోటార్లయితే తామే ముందు కాలతాయి. వాటి తీగచుట్ట పలచని బుట్టలా ఉంటుంది, వేడిని దాచుకోవడానికి అందులో ఇనుము లేదు. అవి నున్నగా నడుస్తాయి, కానీ ఇరుక్కుపోవడాన్ని ఓర్చుకోలేవు. పైగా చాలావాటిని విప్పి బ్రష్‌లు మార్చడానికి వీలుండదు.

మూడోది షార్ట్ సర్క్యూట్. చిన్న కంట్రోలర్ల నుంచి 3, పెద్దవాటి నుంచి 5 ఆంపియర్ల దాకా వస్తుంది. 15 వోల్టుల వద్ద 5 ఆంపియర్లంటే 75 వాట్లు. సన్నని పనులకు వాడే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లుంటుంది. పట్టాలు తప్పిన ఇంజిన్ చక్రం దగ్గర ఆ శక్తిలో ఎక్కువ భాగం ఒకే బిందువులో వేడిగా మారితే చక్రాలను పట్టి ఉంచే ప్లాస్టిక్ భాగం కరగడానికి కొన్ని సెకన్లు చాలు. కంట్రోలర్‌లోని రక్షణ సర్క్యూట్ పనిచేయాలంటే పట్టాల వైరింగ్ లావుగా ఉండాలి. సన్నని వైరు, వదులు జాయింట్లు కరెంటును కొంత అడ్డుకుని, రక్షణకు తెలియకుండానే షార్ట్‌ను కొనసాగనిస్తాయి. అందుకే కంట్రోలర్‌కు దూరంగా ఉన్న పట్టాల మీద ఒక నాణెం అడ్డంగా పెట్టి, వెంటనే కరెంటు ఆగుతుందో లేదో చూడటం మోడల్ రైళ్ల వాళ్లకు పాత అలవాటు.

అసలు ఏమీ పోకుండానే చచ్చినట్టుండే ఇంజిన్లూ ఉంటాయి. డీకోడర్‌లో సీవీలు అనే సెట్టింగులు ఉంటాయి. రెండు ఇంజిన్లను జతచేసి నడిపినప్పుడు సీవీ 19లో ఆ జత నంబరు చేరుతుంది. తర్వాత దాన్ని తీసేయడం మరిచిపోతే ఇంజిన్ దీపాలు వెలుగుతాయి గానీ సొంత నంబరుకు కదలదు. ఆ సీవీని సున్నా చేస్తే లేచి నడుస్తుంది. చాలా కంపెనీల డీకోడర్లలో సీవీ 8లో 8 అని రాస్తే ఫ్యాక్టరీ స్థితికి వచ్చేస్తుంది. కొత్త డీకోడర్‌కు డబ్బు పెట్టే ముందు ఈ రెండూ చూడటం తప్పనిసరి.

ఇక బోర్డు నిజంగానే కాలిపోతే దాని కింద సాకెట్ ఉందా అన్నది కీలకం. ఎన్‌ఈఎం 652 అనే 8 పిన్నుల సాకెట్, 21 ఎంటీసీ, ప్లక్స్ 22, చిన్న ఇంజిన్లకు నెక్స్ట్ 18 అనేవి ప్రామాణిక రకాలు. ఇవి ఉంటే పాత బోర్డు పీకి కొత్తది గుచ్చడం ఐదు నిమిషాల పని. తక్కువ ధర సెట్లలో, కొన్ని సొంత పద్ధతి ఇంజిన్లలో రేడియో, మోటార్ నియంత్రణ, సౌండ్, దీపాలు అన్నీ ఒకే బోర్డు మీద ఉంటాయి. సౌండ్ ఆంప్లిఫైయర్ పోయినా మొత్తం బోర్డు మార్చాలి. తయారీ ఖర్చు తగ్గించే ఈ ఏర్పాటు మరమ్మతు ఖర్చును ఇంజిన్ ధర దగ్గరికి తెస్తుంది.

## బ్యాటరీలు, కెపాసిటర్లు

బ్యాటరీ ఇంజిన్‌కు ధూళి పట్టిన పట్టాల బాధ లేదు. ఆ సుఖానికి బదులు గడువు ఉన్న భాగం ఒకటి లోపల చేరింది. లిథియం సెల్ వాడినా వాడకపోయినా సామర్థ్యం కోల్పోతుంది. పూర్తిగా ఛార్జ్ చేసి నెలల తరబడి ఉంచితే త్వరగా క్షీణిస్తుంది. ఖాళీగా ఉంచితే వోల్టేజ్ మరీ పడిపోయి మళ్లీ ఛార్జ్ కాని స్థితికి చేరుతుంది. సగం ఛార్జ్‌తో చల్లని పొడి చోట దాచడం దీనికి మేలు. ఉబ్బిన సెల్‌ను మళ్లీ వాడకూడదు, గుచ్చకూడదు.

పట్టాల నుంచి కరెంటు తీసుకునే ఇంజిన్లలోనూ బ్యాటరీలు ఉండేవి. ఎంటీహెచ్ తొలి తరం సౌండ్ బోర్డుల్లో చిన్న రీఛార్జబుల్ బ్యాటరీ బలహీనపడితే మెమరీ చెడిపోయి శబ్దాలు పోయేవి. చిన్న వస్తువు పాతబడి ఖరీదైన బోర్డును పనికిరాకుండా చేసిన స్పష్టమైన ఉదాహరణ ఇది. తర్వాతి తరాల్లో ఆ స్థానంలో సూపర్ కెపాసిటర్లు వచ్చాయి.

క్షణకాలం కరెంటు తెగినా ఇంజిన్ ఆగకుండా ఉండటానికి ఇప్పుడు డీసీసీ ఇంజిన్లలోనూ సూపర్ కెపాసిటర్లే పెడుతున్నారు. బ్యాటరీ కంటే ఇవి చాలా ఎక్కువ కాలం నిలుస్తాయి, కానీ వేడి వీటికి శత్రువు. కెపాసిటర్ల విషయంలో ఇంజినీర్లు వాడే అంచనా ప్రకారం 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగమవుతుంది. వాటిని మోటార్‌కు, డీకోడర్‌కు ఆనించకుండా అమర్చడానికి కారణం అదే.

## మురికిని చావుగా పొరబడటం

రిపేరుకు వచ్చే ఇంజిన్లలో చాలావాటికి కావలసింది శుభ్రం చేయడమే. చక్రానికీ పట్టాకూ మధ్య కంటికి కనిపించని రవ్వలు వచ్చి నల్లని పొర పేరుకుంటుంది. పాత ఇంజిన్ అలాంటి చోట కాస్త తడబడి, తన ఊపుతో దాటేసేది. డీకోడర్ ఉన్న ఇంజిన్‌లో కరెంటు తెగిన ప్రతిసారీ చిన్న కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. శబ్దం తెగడం, కుదుపులు, దీపాలు ఆరి వెలగడం దాని వల్లే. మెత్తని బట్ట, ఐసోప్రోపైల్ ఆల్కహాల్ దీనికి చాలు. గరుకు కాగితంతో రుద్దితే గీతలు పడి మురికి వాటిలో ఇంకా గట్టిగా కూర్చుంటుంది.

పట్టు కోసం చక్రాలకు తొడిగే రబ్బరు టైర్లు నూనె తగిలితే ఉబ్బి ఊడతాయి, ఏళ్లు గడిస్తే ఎండి తెగుతాయి. చవకైన భాగమే, కానీ సరైన కొలత దొరకాలి. గ్రీజు విషయంలో పాతది పూర్తిగా కడిగాకే ప్లాస్టిక్‌కు హాని చేయనిది పలచగా వేయాలి. తుప్పు వదిలించే స్ప్రేలు కొట్టడం మాత్రం ఆపాలి. అవి కొన్ని ప్లాస్టిక్‌లను పెళుసు చేస్తాయి, మోటార్‌లో బ్రష్‌లు ఆనే కమ్యుటేటర్ మీద చేరి మురికిని బంకలా పట్టేస్తాయి.

## విడిభాగాలు ఎందుకు దొరకవు

పైన చెప్పిన లోపాల్లో చాలావాటికి చిన్న భాగమే మందు. ఆ చిన్న భాగం దొరకకపోవడమే ఇప్పటి అసలు సమస్య. దానికి మూలం తయారీ పద్ధతిలో వచ్చిన మార్పు.

గతంలో ఒక మోడల్ దశాబ్దాలపాటు ఉత్పత్తిలో ఉండేది. ఫ్యాక్టరీ, గోదాము, రిపేరు విభాగం ఒకే ఆవరణలో. హార్న్‌బీ ఇంగ్లండ్‌లోని మార్గేట్‌లో సొంత ఫ్యాక్టరీలో చేసేది, 1990లలో ఉత్పత్తిని చైనాకు మార్చడం మొదలుపెట్టింది. ఇప్పుడు చాలా బ్రాండ్లు ముందస్తు ఆర్డర్లు తీసుకుని, చైనాలోని కాంట్రాక్ట్ ఫ్యాక్టరీలో ఒక విడత చేయించి, అమ్మేసి, తర్వాతి మోడల్‌కు వెళ్తాయి. ఆ విడతతోపాటే కొన్ని అదనపు భాగాలు చేయించకపోతే తర్వాత ఎప్పటికీ రావు. పదిహేను గేర్ల కోసం అచ్చును మళ్లీ మిషన్‌కు ఎక్కించే ఫ్యాక్టరీ ఉండదు. అదే బ్రాండ్, అదే ఇంజిన్, మూడేళ్ల తర్వాతి విడతలో బోర్డు వేరుగా, మోటార్ వేరుగా ఉండటం కూడా మామూలే.

కంపెనీల చరిత్ర కూడా నిలకడగా లేదు. మోడల్ రైళ్ల తయారీలో పేరున్న రోకో 2005లో, ఎల్‌జీబీ తయారీ సంస్థ 2006లో, మార్క్లిన్ 2009 ఫిబ్రవరిలో దివాలా ప్రక్రియలోకి వెళ్లాయి. ఎల్‌జీబీని 2007లో మార్క్లిన్ కొంది, మార్క్లిన్‌ను 2013లో సింబా-డికీ గ్రూపు కొంది. ఈ పేర్లన్నీ నేటికీ ఉన్నాయి. ఎంటీహెచ్ యజమాని 2020లో విరమణ ప్రకటించాక 2021లో సంస్థ పాత రూపం ముగిసింది, కొన్ని అచ్చులు వేరే కంపెనీల చేతికి వెళ్లాయి. విడిభాగాలు, సర్వీసు చిన్న స్థాయిలో కొనసాగాయి. యజమాని మారినప్పుడు అచ్చులు, పేరు చేతులు మారతాయి. పాత బోర్డుల సాఫ్ట్‌వేర్, గోదాములోని చిన్న గేర్లు అంత భద్రంగా మారవు.

బ్లూటూత్ ఇంజిన్లకు ఇంకో చిక్కు ఉంది. ఫోన్ యాప్‌ను కంపెనీ నవీకరించడం ఆపేస్తే కొన్నేళ్లకు కొత్త ఫోన్లలో అది నడవదు. ఇంజిన్‌లో ఏ లోపమూ లేకుండానే సగం సదుపాయాలు పోతాయి. విడిగా రిమోట్ కూడా ఇచ్చే మోడళ్లు ఈ విషయంలో మేలు.

ఇంకోవైపు ఊరట కలిగించే మార్పులూ ఉన్నాయి. జేఎంఆర్‌ఐ అనే ఉచిత ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో ఎన్నో కంపెనీల డీకోడర్ల సెట్టింగులు చదవవచ్చు, దాచుకోవచ్చు, కొత్త బోర్డులోకి ఎక్కించవచ్చు. మెట్లు, హ్యాండిళ్లు, బఫర్లు, స్పీకర్ డబ్బాలు ఇళ్లలోని 3డీ ప్రింటర్లే చేస్తున్నాయి. గేర్లకు మాత్రం ఆ నునుపు, ఆ కొలత ఇంటి ప్రింటర్‌తో రావడం కష్టం.

## చట్టాల ప్రభావం

సీసం లాంటి హానికర పదార్థాలను ఎలక్ట్రానిక్ వస్తువుల్లో పరిమితం చేస్తూ యూరప్‌లో 2006 జులై 1 నుంచి అమలైన రోహెచ్‌ఎస్ నిబంధనల కింద ఎలక్ట్రిక్ బొమ్మ రైళ్లు కూడా వస్తాయి. సీసం కలిసిన సోల్డర్ 183 డిగ్రీల వద్ద కరుగుతుంది, ఇప్పటి సీసం లేనిది సుమారు 217 డిగ్రీల వద్ద. పాత సోల్డరింగ్ ఐరన్‌తో కొత్త బోర్డు మీద ఎక్కువసేపు కుస్తీ పడితే రాగి పొర లేచి వస్తుంది. ఇంట్లో రిపేరు చేసేవాళ్లు ఉష్ణోగ్రత అదుపు ఉన్న ఐరన్ వాడాల్సి రావడానికి ఇదొక కారణం.

2024లో యూరోపియన్ యూనియన్ తెచ్చిన మరమ్మతు హక్కు ఆదేశం 2026 జులై 31 నుంచి వర్తిస్తుంది. దాని జాబితాలో వాషింగ్ మెషిన్లు, ఫ్రిజ్‌లు, ఫోన్లు ఉన్నాయి, బొమ్మ రైళ్లు లేవు. బ్యాటరీల నిబంధన మాత్రం వీటికీ తగులుతుంది. 2027 ఫిబ్రవరి 18 నుంచి చిన్న పరికరాల్లోని బ్యాటరీని వినియోగదారే తీసి మార్చుకునేలా ఉండాలి, ఆ మోడల్ చివరి అమ్మకం తర్వాత కనీసం ఐదేళ్లు బ్యాటరీ విడిగా దొరకాలి. బోర్డుకు సోల్డర్ చేసేసిన సెల్‌తో వచ్చే బ్యాటరీ ఇంజిన్ల డిజైన్ దీంతో మారక తప్పదు.

## ఆగిన ఇంజిన్‌ను ఏ వరసలో చూడాలి

ఖర్చు తక్కువైన వాటి నుంచి మొదలుపెట్టడమే మంచి వరస. ముందు పట్టాలు, చక్రాలు తుడవాలి. అదే చోట మరో ఇంజిన్ నడుస్తుందో చూడాలి. తర్వాత నంబరు, సీవీ 19, ఆపై రీసెట్. అప్పటికీ కదలకపోతే పై కప్పు తీసి, మోటార్ వైర్లను డీకోడర్ నుంచి పూర్తిగా విడదీసి, మోటార్‌కు మాత్రమే 9 వోల్టుల బ్యాటరీ తగిలించాలి. మోటార్ నున్నగా తిరిగితే లోపం ఎలక్ట్రానిక్స్‌లో. గుర్రుమని కదలకపోతే గ్రీజులో, గేరులో. మోటార్ తిరిగి చక్రాలు తిరగకపోతే పగిలిన గేరు లేదా ఊడిన షాఫ్ట్. బ్యాటరీ తగిలించినా చలనం లేకపోతే బ్రష్‌లు, తెగిన తీగ.

కొనేటప్పుడు చూడాల్సినవీ ఇక్కడి నుంచే తేలతాయి: కింది కప్పు తీస్తే ఇరుసులు విడిగా వస్తాయా, లోపల ప్రామాణిక సాకెట్ ఉందా, కంపెనీ భాగాల పటాన్ని నంబర్లతో ఇస్తోందా. ఆ పటం ఉన్న కాగితం పెట్టె అడుగున మడిచి ఉంటుంది, చాలామంది ప్యాకింగ్‌తోపాటు పారేస్తారు. పదేళ్ల తర్వాత ఒక గేరు కోసం వెతికేవాళ్లకు ముందుగా కావలసింది ఆ కాగితం మీది నంబరే. దాన్ని, డీకోడర్ సెట్టింగుల కాపీని, కొన్న తేదీని కలిపి ఇంజిన్ పెట్టెలోనే ఉంచితే సరిపోతుంది.